నేషనల్స్ బంతులకు క్షవరం

ఆ రోజుల్లో ఉప్పుగూడ రైల్వే స్టేషన్ నుంచి అటు బార్కస్ దాకా నాతో బేరానికి నిలబడగల మనిషి లేరని నాకు గట్టి నమ్మకం. ఇరవై ఏళ్ళ వయసులో కొందరికి అందం మీద, కొందరికి చదువు మీద ఉండే ధీమా నాకు గీచి గీచి ధర తగ్గించడం మీద ఉండేది. (అందం గురించి అద్దం, చదువు గురించి మార్కుల మెమో ముందే చెప్పేశాయి కనుక నాకు మిగిలింది ఇదొక్కటే.) ఆ ధీమాతో నేను తీసుకున్న ఒక నిర్ణయం గురించి చెబుతాను. గొప్ప కోసం కాదు గానీ, దేశం నలుమూలల నుంచి నేషనల్స్ ఆడటానికి వచ్చిన జట్లను, టెంట్లు వేసి సున్నపు గీతలు గీసి అన్నీ సిద్ధం చేసిన మైదానంలో, ఆడటానికి ఒక్క బంతి లేకుండా కూర్చోబెట్టిన ఘనత మా బస్తీలో నా ఒక్కదానిదే. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ బద్దలు కొట్టలేదు.

మా బాపుది దారాలు, గుండీలు, లేసుల దుకాణం. నేను నడక నేర్చింది ఆ కౌంటర్ అంచు పట్టుకునే. మాటలు నేర్చింది కూడా అక్కడే కాబట్టి, నాకు మొదట వచ్చిన మాట "అమ్మ" కాదనీ "ఆఖరి రేటు చెప్పు" అనీ మా చిన్నమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఆ దుకాణంలో నేను ఒంటబట్టించుకున్న నీతి రెండే ముక్కలు. అవతలివాడు మొదట చెప్పిన ధర ధరే కాదు, అది పలకరింపు. ధర తెగాక కూడా కదలకూడదు, కొసరు అడగాలి. మీటరు లేసుకు నాలుగు వేళ్ళ లేసు పైన, డజను గుండీలకు ఒక గుండీ పైన. అడిగి తీసుకున్న కొసరు వల్ల నష్టపోయిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. సరుకు ఎక్కువ వస్తే ఎవరికి చేదు?

ఇక గ్రౌండ్ సార్. ఆయన కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తూ, మా గల్లీలో అద్దెకుండేవారు. పొద్దున్నే ఆఫీసు బస్సు వచ్చేలోపు, రైలు పట్టాల పక్కన ఉన్న బడి మైదానంలో మా బస్తీ పిల్లలకు బాల్ బ్యాడ్మింటన్ నేర్పేవారు. ఇది ఈకల షటిల్‌తో నాలుగు గోడల మధ్య ఆడే ఆట కాదు. ఆరుబయట మట్టి కోర్టులో, జట్టుకు ఐదుగురు చొప్పున, పసుపు ఊలు బంతితో ఆడేది. పేపర్లో దాని ఫలితాలు రాశిఫలాల కింద ఎక్కడో ఉంటాయి. నేను ఆయన దగ్గర ఆరేళ్ళు ఆడాను. (ఆడాను అంటే జట్టులో ఉన్నాను. ఎక్కువగా బెంచీ మీద.) ఆట రాని నన్ను కూడా ఒక్కనాడూ ఇంటికి పొమ్మనలేదు. మా బాపు "ఆడపిల్లకు ఈ బ్యాట్లేంది" అన్న రోజున, ఆయనే దుకాణానికి వచ్చి, గంటసేపు కూర్చుని, అక్కర్లేని గుండీలు రెండు డజన్లు కొని, నన్ను మళ్ళీ గ్రౌండ్‌కు తీసుకుపోయారు. ఆ గుండీలకు బాపు చెప్పిన ధర విని ఆయన అన్న మాట "అంతేనా, పాపం." బేరమాడటం ఆయనకు బొత్తిగా రాదు. మా కుటుంబం ఆయన్ను ఎంత గౌరవించేదో అంత జాలిపడేది కూడా.

అటువంటి సార్ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, చివరికి ఏటా జరిగే నేషనల్స్‌ను మా మైదానానికి తెచ్చారు. అసోసియేషన్ వాళ్ళు సగం మనసుతోనే ఒప్పుకున్నారు. పాతబస్తీలో, రైలు పట్టాల పక్కన, ఒక బడి గ్రౌండ్‌లో నేషనల్సా అని అందరికీ అనుమానమే. అందుకే మూసీ దాటి అవతల మరొక గ్రౌండ్‌ను సిద్ధంగా ఉంచి, "ఏర్పాట్లలో ఏ చిన్న తేడా వచ్చినా టోర్నమెంటు అక్కడికి మార్చేస్తాం" అని ముందే చెప్పారు. సార్‌కు అదే ఆఖరి అవకాశం. ఆ ఏడే రిటైరై ఊరికి వెళ్ళిపోతున్నారు. ఆయన కోరిక ఒకటే. దేశంలోని జట్లన్నీ ఒక్కసారైనా మా మట్టి మీద ఆడాలి. ఆ మట్టిని రోజూ తన చేత్తో నీళ్ళు చల్లి, రోలర్ లాగి చదును చేసుకున్న మనిషి మరి.

కొనుగోళ్ళ పని నాకు అప్పజెబుతూ సార్, "అమ్మాయ్, నేను వెళితే అడిగినంత ఇచ్చి వచ్చేస్తాను. నువ్వు చూసుకో తల్లీ" అన్నారు. నేను చెలరేగిపోయాను. టెంట్లవాడి దగ్గర కుర్చీలకు కవర్లు కొసరు. మైకువాడి దగ్గర ఒక స్పీకరు కొసరు. అరటిపళ్ళవాడు నన్ను చూడగానే బండి తిప్పుకుని ఇంకో గల్లీలోకి పోయేవాడు. ఆ ఊపులోనే బంతుల కోసం బార్కస్ వెళ్ళాను.

మా గ్రౌండ్‌కు బంతులు ఎప్పుడూ బార్కస్‌లో ఉండే మేమంతా ఖాలా (పిన్ని) అని పిలిచే ఒకామె చేసి ఇచ్చేది. ఆమె చేసిన నమూనా బంతిని అసోసియేషన్ వాళ్ళు తూచి, కొలిచి, నేషనల్స్‌కు ఖాయం చేశారు కూడా. మిగిలింది ధరే. ఖాలా గడప మీద కూర్చుని ఊలు చుడుతూ, ధర చెప్పింది. నేను దానిలో సగం చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"ఖాలా, నేషనల్స్! ఎక్కడెక్కడి నుంచో వస్తున్నరు. నీ పేరు దేశమంతా పోతది."

"పేరుతోని ఊలు రాదు బేటీ."

"బాపుకు చెప్పి దారం తక్కువ రేటుకు ఇప్పిస్త."

"మీ బాపు ఇచ్చే తక్కువ నాకెర్కనే, వద్దు. నక్కో."

"పది తగ్గించు."

"నక్కో."

"అయిదు?"

"నక్కో అంటే నక్కో. చాయ్ తాగుతవా?"

చాయ్ తాగాను. రెండోదీ తాగాను. ధర ఒక్క రూపాయి కదల్లేదు. నా జీవితంలో అంత అవమానం జరగలేదు. ఉత్త చేతులతో పోతే సార్ ఏమీ అనరు గానీ, నా ముఖం నేను ఎలా చూసుకోను? అప్పుడు నా లోపలి దుకాణదారు మేల్కొంది. "సరే ఖాలా, రేటు నీదే. కొసరు నాది. ఒక్కో బంతికి నాలుగు చుట్లు ఊలు ఎక్కువ చుట్టు" అన్నాను.

ఖాలా మొదటిసారి తల ఎత్తి నన్ను చూసింది. "బరువైతది బేటీ."

"కానియ్యి! సరుకు ఎక్కువైందని మా దుకాణంల ఎవరన్న వాపస్ తెచ్చిండ్రా? ఇచ్చెటోళ్ళకు చెయ్యి రావాలె గానీ తీసుకునేటోళ్ళకు బరువేంది?"

ఖాలా మళ్ళీ ఊలు చుట్టుకుంటూ, "నువ్వు అడిగినవ్. నేను ఇస్త" అంది. బస్సులో తిరిగి వస్తుంటే కిటికీలోంచి చార్మినార్ కూడా నన్ను మెచ్చుకున్నట్టే కనిపించింది. (బార్కస్ నుంచి ఉప్పుగూడకు వచ్చే దారిలో చార్మినార్ తగలదు. ఆనందంలో తప్పు బస్సెక్కాను.)

టోర్నమెంటు ముందు రోజు సాయంత్రం గోనె సంచిలో బంతులు వచ్చాయి. బొద్దుగా, నిండుగా, పాలు తాగిన పిల్లల్లా ఉన్నాయి. సార్ టెంట్ల పనిలో పడి సంచి విప్పి చూడలేదు. నేను చూశాను. ఒక్కొక్కదాన్నీ నిమిరి మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున ఏడింటికి చీఫ్ రిఫరీ వచ్చారు. చెన్నై వైపు మనిషి, పెద్ద మీసాలు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. జేబులోంచి చిన్న తూకం యంత్రం తీసి బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఒక బంతి తీసి దాని మీద ఉంచారు. కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఇంకొకటి పెట్టారు. ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ మీసాలు కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాయి.

"ఇరవై ఏడు నుంచి ముప్పై గ్రాములే ఉండాలమ్మా. ఇవన్నీ ముప్పై మూడు, ముప్పై నాలుగు. సైజు కూడా ఎక్కువే. వీటితో ఆడితే చేతులు పోతాయి. ఒక్కటీ పనికిరాదు."

ఎక్కువైనందుకు సరుకు పనికిరాకపోవడం అనే సంగతి నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విన్నాను. "పై మూడు గ్రాములు ఫ్రీ అండీ" అనబోయి ఎలాగో ఆపుకున్నాను.

నేషనల్స్‌కు పనికొచ్చే బంతులు మా చుట్టుపక్కల ఏ దుకాణంలోనూ దొరకవు; ముందుగా చేయించుకోవాల్సిందే. జట్ల దగ్గర ప్రాక్టీసు చేసి అరిగిపోయినవి తప్ప లేవు. రిఫరీ గడియారం చూసుకుని, "రూల్ రూలే. పది గంటలకు ప్రారంభం. చీఫ్ గెస్టు దీపం వెలిగించేలోపు సరైన బంతులు నా బల్ల మీద లేకపోతే, అవతలి గ్రౌండ్‌కు ఫోన్ చేయాల్సి వస్తుంది. అక్కడి వాళ్ళ దగ్గర ఉన్నాయట" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

సార్ వెళ్ళి రోలర్ మీద కూర్చున్నారు. నేను పక్కకు చేరి నోరు తెరవబోతుంటే, ఆయన రిఫరీ వైపు తిరిగి, "బంతులు నేనే చేయించానండీ. చూసుకోవడం నాదే పొరపాటు" అన్నారు. అంతే. నా వైపు చూసి, "భోజనాల దగ్గర అరటాకులు వచ్చాయేమో చూడమ్మా" అన్నారు, పనిలో పనిగా నన్ను అక్కడినుంచి తప్పించడానికి. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తిట్టలేదు కాబట్టి ఏదో ఒకటి చేయక తప్పలేదు.

బంతి ఒకటి చేతిలో పట్టుకుని గేటు బయటికి వచ్చాను. దాని మీది ఊలు వేళ్ళతో పీకుతున్నాను. ఎదురుగా మా సెలూన్ అన్న ఒకాయన గడ్డానికి సబ్బు నురగ పట్టించి, కత్తెర గాల్లో టకటకలాడిస్తున్నాడు. చూస్తూ నిలబడ్డాను. తర్వాత వెనక్కి పరిగెత్తి గోనె సంచి భుజాన వేసుకుని వచ్చాను.

"అన్నా, కటింగ్ చెయ్యాలె."

"నీకా చెల్లే? లేడీస్‌కు చెయ్యను."

"వీటికి." సంచి నేల మీద బోర్లించాను.

సెలూన్ అన్న ఒక బంతిని అందుకుని, అటూ ఇటూ తిప్పి, అలవాటు కొద్దీ అడిగాడు, "మీడియమా, షార్టా?"

"మూడు నాలుగు గ్రాములు తియ్యాలె."

"గ్రాముల లెక్కన ఎన్నడు కొయ్యలే. సరే, ఇటియ్యి." సబ్బు నురగతో కూర్చున్న పెద్దమనిషి "మరి నేను?" అన్నాడు. "నేషనల్స్ అంట పెద్దయ్యా, జర ఆగు" అన్నాడు అన్న.

సెలూన్ పక్క గోడే బంగారం కాకా దుకాణం. ఆయన దగ్గర బియ్యపు గింజ పెట్టినా కదిలే కాంటా ఉంది. "నా కాంటా గడప దాటదు" అన్నాడు. "బంతి దాటొచ్చుగా కాకా?" అన్నాను. ఒప్పుకున్నాడు. ఫ్యాను బంద్ చేసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అన్న కోసి నాకు విసిరేవాడు, నేను పట్టుకుని కాకాకు అందించేదాన్ని, కాకా కేక వేసేవాడు.

"ముప్పై ఒకటి! చెవుల పక్కన ఇంకా జర తియ్యమను!"

"ముప్పై మీద జరంత! మెడ మీద కొట్టమను!"

"ఇరవై అయిదు! వీనికి బట్టతల అయింది, పక్కన పెట్టు!"

బట్టతలవి కుప్ప పెరుగుతున్నాయి. సెలూన్ అన్న చెయ్యి మంచిదే గానీ, ఒకవైపు నున్నగా, ఒకవైపు గుబురుగా దిగుతున్నాయి. నేల మీద నల్ల వెంట్రుకల నడుమ పసుపు ఊలు. మైదానంలో మైకు "ముఖ్య అతిథి గారు మరికొద్దిసేపట్లో విచ్చేస్తున్నారు" అంటోంది. గోడ గడియారం పది దాటింది. సరైన బంతులు వేస్తున్న గంప అడుగు కూడా నిండలేదు.

అప్పుడే సెలూన్ ముందు ఆటో ఆగింది. తన బంతులతో నేషనల్స్ మొదలవడం చూద్దామని మనవరాళ్ళతో వచ్చిన ఖాలా, గుమ్మంలో ఎగురుతున్న పసుపు నూగు చూసి ఆగిపోయింది.

"తోబా తోబా! నా బంతులను మంగలి దుకాణంల కూసోబెట్టినవా?"

విషయం చెప్పాను. ఖాలా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బరువైతది అని చెప్పిన్నా లేదా? నువ్వేమన్నవ్? ఎవరన్న వాపస్ తెచ్చిండ్రా అని లెక్చర్ ఇచ్చినవ్."

"ఇచ్చిన ఖాలా."

"ఇప్పుడెవరు వాపస్ తెచ్చిండ్రు?"

"మీసాలాయన."

ఆమె సెలూన్ అన్న చేతిలోంచి కత్తెర లాక్కుంది. "నువ్వు మనుషులకు కోసుకో భాయ్. వాళ్ళకు తలకాయ ఒక్కదిక్కే ఉంటది. దీనికి చుట్టూత తలకాయే." నురగ పెద్దమనిషి లేచి కుర్చీ ఇచ్చాడు. ఖాలా దాంట్లో కూర్చుని, బంతిని అరచేతిలో తిప్పుతూ కత్తెర ఆడించబోయి, మళ్ళీ ఆగింది. "ముందు చెప్పు. నేను మొదలు చెప్పిన రేటు సరైందా, కాదా?"

"సరైందే ఖాలా."

"గట్టిగ. పక్క దుకాణంల కాకాకు వినబడలే."

"వినబడలే" అన్నాడు గోడ అవతలి నుంచి కాకా.

రోడ్డంతా వినేలా అరిచాను. అప్పుడు మొదలుపెట్టింది. ఆమె తిప్పినట్టే తిప్పుతూ సెలూన్ అన్న రెండో కత్తెర అందుకున్నాడు. నురగ ఆరిపోయిన పెద్దమనిషి మనవరాళ్ళతో కలిసి నూగు దులిపాడు. "ఇరవై తొమ్మిది! ఇరవై ఎనిమిది! ఇరవై తొమ్మిది!" అని కాకా గొంతు ఇప్పుడు రైల్వే అనౌన్సుమెంటులా సాగిపోతోంది. గంప నిండుతోంది. అయినా నా చెవి కారు హారన్ మీదే ఉంది. ఆ ముఖ్య అతిథి ఎవరో, ఎక్కడ ఉన్నారో, ఆ పొద్దున ఎన్ని రిబ్బన్లు కత్తిరించి, ఎన్ని టీలు తాగి, ఎంతమందితో ఫొటోలు దిగుతూ ఆగిపోయారో నాకు తెలియదు. సమయానికి రాని పెద్దలను అందరూ తిట్టుకుంటారు. నేను మాత్రం ఈ రోజుకీ ఆయనకు చేతులెత్తి దండం పెడతాను. దాదాపు పన్నెండింటికి వచ్చారు మహానుభావుడు.

ఆయన దీపం ముందు అగ్గిపుల్ల అందుకునే సమయానికి నేను గంపతో రిఫరీ బల్ల దగ్గరికి చేరాను. వెనకే కత్తెరతో సెలూన్ అన్న, ఆ వెనక బుర్ఖా సర్దుకుంటూ ఖాలా. రిఫరీ ఒక బంతి తూచారు. మరొకటి. మీసాలు కదల్లేదు. మూడోదాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇదేమిటి, ఈ కటింగ్ ఎవరిది?" అన్నారు.

సెలూన్ అన్న చెయ్యెత్తాడు. "నాదే సార్. మషీన్ పెట్టి జర సెట్ చెయ్యమంటరా?"

మీసాల వెనక ఏదో కదిలింది. నవ్వని నేను ఇప్పటికీ నమ్ముతాను. బంతిని గంపలో వేసి, "బాగానే ఉంది. ఆడించండి" అన్నారు.

సార్ బల్ల దగ్గరికి వచ్చారు. గంపలోంచి ఒక బంతి తీసుకుని, పైకి ఎగరేసి పట్టుకుని, కోర్టులో ఉన్న అమ్మాయి చేతికి స్వయంగా ఇచ్చి వచ్చారు. ఆమె సర్వీసు చేస్తుంటే పట్టాల మీద రైలు వచ్చింది. ఆ మోతలో బంతి చప్పుడు నాకు వినబడలేదు గానీ, సార్ ముఖం మాత్రం కనబడింది. మా మట్టి మీద ఆట మొదలైంది. ఫైనల్ దాకా ఇంకెక్కడికీ పోలేదు. మా రాష్ట్ర జట్టు సెమీస్‌లో ఓడిపోయింది. దానికి మా బంతులు కారణం కాదు, అవతలి జట్టు కారణం. ముగింపు రోజున సార్ మైకు పట్టుకుని, టెంట్లవాళ్ళకూ వంటవాళ్ళకూ కృతజ్ఞతలు చెబుతూ, "బంతుల ఏర్పాట్లు దగ్గరుండి చూసుకున్న మా అమ్మాయికి" అన్నారు. గొంతులో వెటకారం వెతికాను. దొరకలేదు.

మర్నాడు లెక్కలు తీర్చడానికి బయల్దేరాను. ఆ రోజు నేను జీవితంలో మొదటిసారి ధర పెంచడానికి బేరమాడాను. సెలూన్ అన్న "చిన్నపిల్లల కటింగ్‌కు నేను తీసుకోను" అన్నాడు. వంద అన్నాను, రెండొందలన్నాను. ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. బంగారం కాకా "బంగారం తూచితేనే పైసలు, ఊలు తూచితే ఏం పైసలు" అని ఫ్యాను వేసుకున్నాడు. పుట్టి పెరిగిన విద్యలో అంత చిత్తుగా ఓడటం నాకు అదే మొదలు. ఖాలా దగ్గర మాత్రం ఇబ్బంది రాలేదు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఇంకా చెయ్యి చాచే ఉంచింది. "ఎక్కువ చుట్టిన ఊలుకు?" అంది. కోసి ఊడ్చేసిన ఊలుకు కూడా ఇచ్చాను, కిక్కురుమనకుండా.

ఇప్పుడు బాపు కౌంటర్ వెనక నేనే కూర్చుంటున్నాను. కొసరు అడిగే ఆడపిల్లలు రోజూ వస్తారు, గొంతు పెంచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని. వాళ్ళను చూస్తే ముద్దొస్తుంది. ఇరవై ఏళ్ళ ఆ మహా బేరగత్తె ఎదురుపడితే కూర్చోబెట్టి చాయ్ పోసి, నాలుగు వేళ్ళ లేసు కూడా కోసి ఇస్తాను, పాపం. ఆ పొద్దున బిల్లు మాత్రం నిజాయితీగా ఇలా తేలింది. బంతులు, ఖాలా మొదట చెప్పిన ధరకే. పారబోసిన ఊలు, నా సొంత డబ్బుతో. కటింగ్, తీసుకోలేదు. తూకం, తీసుకోలేదు. సార్ నా బదులు పడ్డ మాట, దానికి ధర ఎవరినీ అడగలేదు. అందరికీ మూడు దఫాలు చాయ్, బాపు గల్లా నుంచి. ఆదా అయినది, ఏమీ లేదు.